గంధకము వెంట

వెంట్రుక నిప్పున పడినప్పుడు వచ్చు కంపు మనకందరకు తెలిసినదే. ఈక కాలినను, గోరు కాలినను, కొమ్ము కాలినను అదే కంపు. అది గంధకపు కంపు. మతాబులలోను, పైపూత మందులలోను మనమెరిగిన ఆ పచ్చని గంధకమే మన దేహములోను, మనము తిను అన్నములోను అణగియున్నది. అయితే దేహములో అది పొడిగా ఉండదు. మాంసకృత్తులను కూర్చు ఇరువది అమినో ఆమ్లములలో రెండింటియందు మాత్రమే గంధకము కలదు. వానిలో ఒకటి మెథయొనీన్, రెండవది సిస్టెయిన్. రెండు సిస్టెయిన్ అణువులు తమ గంధకపు చేతులు కలుపుకొనినచో సిస్టీన్ అను జంట ఏర్పడును. వెంట్రుకకును గోటికిని గట్టిదనము చాలవరకు ఈ జంటల వలననే వచ్చుచున్నది.

మనము తిన్న పప్పన్నములోని గంధకము వెంట్రుకలోనికి ఏ దారిన పోయినది? వినుటకు ఇది పిల్లలడుగు ప్రశ్నవలె నుండును. దీనికి సరియైన సమాధానము దొరకుటకు ఇరువదవ శతాబ్ది నడుమ వరకు ఆగవలసి వచ్చినది. ఆ దారిని ఓపికతో వెదకినవారిలో ముఖ్యులు అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞులు విన్సెంట్ డు వీన్యో. వీరికి 1955లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. బహుమానము మాట అందరును చెప్పుదురు. ఆ బహుమానమునకు వెనుక నున్న ఎలుకల కథ మాత్రము అంతగా ప్రచారములో లేదు. మనము నేడు చెప్పుకొనబోవునది ముఖ్యముగా ఆ కథయే.

ముందుగా పూర్వచరిత్ర కొంచెము. 1810లో లండను నగరమున వొలాస్టన్ అను పండితుడు మూత్రాశయమున పుట్టిన ఒక రాతిని పరీక్షించి, అందొక క్రొత్త పదార్థమును కనుగొనెను. సిస్టీన్ అను పేరు మూత్రాశయమునకు గ్రీకు భాషలో గల పేరునుండి వచ్చినదే. అందు గంధకమున్నదని ఆయన గమనింపలేదు; ఆ సంగతి బయటపడుటకు మరి ఇరువదేండ్లకు పైగా పట్టినది. 1899లో స్వీడను దేశీయుడు మోర్నర్ కొమ్మునుండి సిస్టీనును వేరుచేసిన పిమ్మట గాని అది రోగపదార్థము కాదనియు, మాంసకృత్తులలో సహజముగా నుండునదే యనియు స్థిరపడలేదు. మెథయొనీన్ ఇంకను ఆలస్యముగా దొరికినది. బాక్టీరియాల పెంపకమునకు కావలసిన పదార్థమేదో యని వెదకుచు, మ్యూలర్ అను శాస్త్రజ్ఞుడు 1922 ప్రాంతమున పాలలోని కేసీన్ నుండి దానిని వేరుచేసెను. 1928లో బార్జర్, కాయిన్ అనువారు దాని నిర్మాణమును నిర్ణయించిరి.

డు వీన్యో 1901లో షికాగో నగరమున జన్మించిరి. చదువుకొను దినములలో పొలముపని చేసి, ఆవులను పితికి, వ్యవసాయమే వృత్తిగా స్వీకరింపవలెనని కూడ ఒకప్పుడు తలచిరట. అక్కగారి ప్రోత్సాహముతో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున చేరిరి. భోజనశాలలో వడ్డన మొదలగు పనులు చేసికొనుచు చదివిరి. అక్కడ విలియం రోజ్ అను ఆచార్యుడు, అప్పుడప్పుడే టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ మున్నగువారు కనుగొనిన ఇన్సులినును గూర్చి ఉపన్యసింపగా విని, ఈ యువకుడు దానియందు మనసు నిలిపెను. మధుమేహరోగిని మృత్యుముఖమునుండి తప్పించు ఆ పదార్థమున గంధకమున్నది. అది అందేమి చేయుచున్నది? 1927లో రోచెస్టరు విశ్వవిద్యాలయమునకు డు వీన్యో సమర్పించిన సిద్ధాంతగ్రంథము ఇన్సులినులోని గంధకమును గూర్చినదే. తరువాత బాల్టిమోరులో, ఇన్సులినును స్ఫటికములుగా తీసిన జాన్ ఏబెల్ వద్ద పనిచేసి, ఆ స్ఫటికములనుండి సిస్టీన్ లభించునని సహచరులతో కలసి నిరూపించిరి. ఇన్సులినులోని గంధకము సిస్టీను రూపమున నున్నదని అట్లు తేలినది. ఆ పిమ్మట జర్మనీలోను, బ్రిటనులోను కొంతకాలము గడపి 1929లో ఇల్లినాయికి తిరిగి వచ్చిరి.

1930లో చేసిన ఒక చిన్న పనిని ఇక్కడ గుర్తుంచుకొనవలెను. సిస్టీను జంటను విడదీయుటకు ఆయనయు సహచరులును ఒక ఉపాయము కనిపెట్టిరి. అమోనియా వాయువును మిక్కిలి చల్లబరచి ద్రవముగా చేసి, అందు సోడియము లోహమును కరగించినచో నీలవర్ణ ద్రావణము వచ్చును. అందు సిస్టీనును వేసినచో జంట రెండుగా విడిపోవును. దీని ఉపయోగము మనకు తరువాత తెలియగలదు.

ఇక 1932. ఆ సంవత్సరము డు వీన్యో, బట్జ్ అను సహచరుడు మెథయొనీనును గాఢమైన గంధకికామ్లముతో కాచిరి. వచ్చిన పదార్థము సిస్టీనును పోలియున్నది గాని సిస్టీను కాదు. ప్రతి సగమునందును ఒక కర్బనపు కణుపు అదనముగా నున్నది. సిస్టీనుకు జ్ఞాతి యను అర్థమిచ్చునట్లు దీనికి హోమోసిస్టీన్ అని పేరు పెట్టిరి. దాని విడి సగము హోమోసిస్టెయిన్. అప్పటికి ఏ మాంసకృత్తునందును ఇట్టిది ఉన్నట్లు ఎవరు నెరుగరు. సీసాలో పుట్టిన బిడ్డ యని చెప్పవచ్చును. మరియొకరైనచో దాని గుణములు నాలుగు వ్రాసి ప్రక్కన పెట్టియుందురు. ఈయన దానిని ఎలుకలకు తినిపించి చూచిరి.

ఎలుకలు ఇంటికిని పంటకును శత్రువులే. ప్రయోగశాలలో మాత్రము అవి చేసిన సేవ అంతింత కాదు. గంధకపు అమినో ఆమ్లములు కొరవడిన ఆహారము తిన్న ఎలుకపిల్ల ఎదుగక కుంగిపోవును. ఆ ఆహారమునకు హోమోసిస్టీను చేర్చగా అవి మరల పెరుగసాగినవి. అనగా సీసాలో పుట్టిన పదార్థమును దేహము పరాయిదిగా చూడలేదు. అది మెథయొనీను నుండి సిస్టీనుకు పోవు దారిలోని మజిలీయే అయియుండవలెనను ఊహ బలపడినది.

ఇంతలో రోజ్ ఆచార్యుని ప్రయోగశాలలో మరియొక మహాకార్యము సాగుచుండెను. మాంసకృత్తులకు మారుగా శుద్ధమైన అమినో ఆమ్లములను మాత్రమే కలిపి ఎలుకలకు పెట్టి, దేనిని తీసివేసిన అవి పెరుగవో ఆయన పరీక్షించుచుండెను. 1935లో థ్రియొనీన్ అను ఆమ్లము దొరకిన తరువాత ఈ పరీక్షలు సులభమైనవి. 1937లో తేలినదేమనగా, మెథయొనీన్ ఆహారమున తప్పక ఉండవలెను. సిస్టీను లేకున్నను దేహము మెథయొనీను నుండి దానిని చేసికొనగలదు. మన వంటింటి సంగతి కూడ ఇందున్నది. కందిపప్పు మొదలగు పప్పుధాన్యములలో లైసీన్ అను ఆమ్లము సమృద్ధిగా నుండి మెథయొనీన్ కొరతగా నుండును. బియ్యములో లైసీన్ తక్కువ, మెథయొనీన్ కొంత మేలు. పప్పును అన్నమును కలిపి తినుమని మన పెద్దలకు ఏ రసాయన శాస్త్రజ్ఞుడును చెప్పలేదు.

ఇప్పుడు చిక్కు వచ్చినది. మెథయొనీను బొత్తుగా లేని ఆహారములో హోమోసిస్టీనును పెట్టి డు వీన్యో బృందము పరీక్షింపగా, కొన్నిమారులు ఎలుకలు పెరిగినవి, కొన్నిమారులు పెరుగలేదు. అదే పదార్థము, అదే జాతి ఎలుకలు, ఫలితము మాత్రము వేరు! ఇట్టి సందర్భమున ఎలుకలదో, తూనికదో తప్పని త్రోసివేయుట మానవసహజము. ఈయన అట్లు చేయలేదు. ఎక్కడ భేదమున్నదో యని ఆహారపు పట్టికలను ఒక్కొక్క వస్తువుగా సరిపోల్చిరి. భేదము విటమినులలో నుండెను. సహజద్రవ్యములనుండి తీసిన ముతక సారమును బి విటమినుల కొరకు కలిపినప్పుడు ఎలుకలు పెరిగినవి. శుద్ధమైన విటమినులనే విడివిడిగా కలిపినప్పుడు పెరుగలేదు. శుద్ధము మేలనుకొన్నచోట ముతకయే గెలిచినది! ఆ ముతకలో మరేదో ఉన్నదన్నమాట.

ఆ మరేదో కోలీన్. మెథయొనీను లేక, కోలీను లేక పెరిగిన ఎలుకల కాలేయములలో క్రొవ్వు పేరుకొనును. క్రొవ్వు పట్టిన కాలేయమును కోలీన్ బాగుచేయునని ఇన్సులిను పరిశోధకులలో ఒకరైన బెస్ట్ బృందము 1932 నాటికే టొరాంటోలో కనుగొని యుండెను. 1939లో డు వీన్యో బృందము శుద్ధమైన విటమినుల ఆహారమునకు హోమోసిస్టీనుతోపాటు కోలీనును చేర్చి చూచిరి. ఎలుకలు పెరిగినవి.

దీని భావమేమి? మెథయొనీనుకును హోమోసిస్టెయినుకును భేదమొక్కటే. మెథయొనీను గంధకపు చివరను ఒక చిన్న గుంపు అంటియుండును: ఒక కర్బన పరమాణువు, మూడు ఉదజని పరమాణువులు. దీనికి మిథైల్ గుంపని పేరు. హోమోసిస్టెయినునకు ఆ గుంపు లేదు. కోలీనులోనో, నత్రజనికి అంటుకొని అట్టివి మూడున్నవి. కోలీన్ ఒక గుంపును హోమోసిస్టెయినునకు ఇయ్యగా అది మెథయొనీనుగా మారినది. మరియొకప్పుడు మెథయొనీనే తన గుంపును ఇచ్చి కోలీనును నిర్మించుకొనవచ్చును. ఇరుగుపొరుగు ఇండ్లలో చేబదులు నడచినట్లు దేహములో మిథైల్ గుంపులు చేతులు మారుచుండునని ఆయన ఊహించిరి.

ఊహ చక్కనిదే, నిరూపించుట యెట్లు? మిథైల్ గుంపులన్నియు ఒకేవిధముగా నుండును. ఏది ఎవరి ఇంటినుండి వచ్చినదో చెప్పరాదు. ఇక్కడ భార ఉదజని సాయపడినది. సాధారణ ఉదజనికి రెట్టింపు బరువుగల ఈ పరమాణువును న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయమున యూరే 1931లో కనుగొనెను. అదే విశ్వవిద్యాలయమున షోన్‌హైమర్, రిట్టెన్‌బర్గ్ అనువారు దానిని గుర్తుగా వాడి, దేహములోని పదార్థముల రాకపోకలను కనిపెట్టుటకు మార్గము చూపియుండిరి. డు వీన్యో అప్పటికి న్యూయార్కులోని కార్నెల్ వైద్యకళాశాలకు వచ్చియుండిరి. ఆయన బృందము మిథైల్ గుంపులో భార ఉదజని నుంచి మెథయొనీనును తయారుచేసి ఎలుకలకు పెట్టిరి. తరువాత వాని దేహమునుండి కోలీనును, కండరములలో నుండు క్రియాటినును వేరుచేసి చూచిరి. రెండింటి మిథైల్ గుంపులలోను భార ఉదజని కనబడినది. 1940లో ఈ ఫలితము వెలువడినది. చేబదులు నిజమే! మెథయొనీను ఆ గుంపును ఇచ్చుటకు ముందు ఎడినోసీన్ అను మరియొక అణువుతో జతగూడి చురుకుదనము తెచ్చుకొనునని ఆ పిమ్మట 1950 తరువాతి యేండ్లలో కాంటోనీ కనుగొనెను.

ఇంతటి విజయము తరువాత తన సిద్ధాంతమునే తాను సందేహించుట కష్టము. దేహము మిథైల్ గుంపులను మార్చుకొనగలదు గాని క్రొత్తగా చేయజాలదు, అవి ఆహారమునుండియే రావలెనని డు వీన్యో మొదట ప్రకటించిరి. కాని కోలీను లేకున్నను కొన్ని ఎలుకలు హోమోసిస్టీనుతో మెల్లమెల్లగా పెరుగుట కనబడినది. ఆయన వెంటనే ఎలుకల దేహములోని నీటినే భార ఉదజనితో గుర్తుపరచిరి. క్రొత్తగా కట్టబడు మిథైల్ గుంపు ఏదైన ఉన్నచో ఆ నీటి గుర్తు దానికి అంటవలెను. 1945లో ప్రకటించిన ఫలితము ప్రకారము గుర్తు అంటినది. ఇంకను ఒక శంక మిగిలినది: కట్టినది ఎలుకయా, దాని ప్రేగులలోని సూక్ష్మజీవులా? నోటర్‌డాం విశ్వవిద్యాలయములో పుట్టుకనుండి సూక్ష్మజీవి సోకకుండ పెంచిన ఎలుకలుండెను. వానిపై అదే పరీక్షను జరిపిరి. 1951లో ఫలితము వెలువడినది. కట్టినది ఎలుకయే. తన మొదటి మాట సగము తప్పని చూపిన సాక్ష్యమును మరియొకరు తెచ్చువరకు ఆగక తానే వెదకి తెచ్చుకొనిన ఈ ఘట్టమును, నోబెల్ బహుమానము తెచ్చిన పనికంటె మేము ఒక మెట్టు పైననే ఉంచుదుము.

ఈ గుంపులను క్రొత్తగా కట్టుపనికి కావలసిన ముఖ్యవస్తువు ఫోలిక్ ఆమ్లమని పిదప తేలినది. బి-12 విటమిను తోడుగా అది హోమోసిస్టెయినునకు మిథైల్ గుంపును అందించి మరల మెథయొనీనుగా మార్చును. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించినట్లు 1945లో ప్రకటించిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకులు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గంధకపు బాట ఆ మలుపున మన ఊరివారి బాటను కలిసినదనుట అతిశయోక్తి కాదు.

మనము మొదట వేసిన ప్రశ్న ఇంకను మిగిలియున్నది. మెథయొనీనులోని గంధకము సిస్టీనులోనికి పోవునని 1939లో కాలిఫోర్నియాకు చెందిన టార్వర్, ష్మిట్ అనువారు రేడియోధార్మిక గంధకముతో చూపిరి. అయితే పోవునప్పుడు గంధకము ఒంటరిగా పోవుచున్నదా, తన కర్బనపు ఒడలితో సహా పోవుచున్నదా? డు వీన్యో బృందము ఒకే మెథయొనీను అణువులో భారమైన గంధకమును, భారమైన కర్బనమును రెండింటిని ఉంచి ఎలుకలకు పెట్టిరి. 1944లో వెలువడిన ఫలితము స్పష్టముగా నున్నది: సిస్టీనులోనికి గంధకము వచ్చినది, కర్బనము రాలేదు. గంధకము పుట్టినింటి ఒడలిని వదలి, సెరీన్ అను మరియొక అమినో ఆమ్లపు ఇంటికి దత్తతకు పోయినది. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును క్షణకాలము చేయి చేయి పట్టుకొనియున్నప్పటి రూపమే సిస్టాథయొనీన్. దీనిని ఆ బృందమే 1942లో తయారుచేసి, కాలేయము దానిని సిస్టెయినుగా విడగొట్టునని చూపియుండెను.

మిగిలిన విజయములను త్వరగా చెప్పుకొందము. పచ్చి గ్రుడ్డు తెల్లసొనను విరివిగా తిన్న ఎలుకలకు వచ్చు చర్మరోగమును మాన్పు బయోటిన్ అను గంధకపు విటమిను నిర్మాణమును 1942లో నిర్ణయించిరి. ప్రసవమునకును, తల్లిపాల స్రావమునకును తోడ్పడు ఆక్సిటోసిన్ అను హార్మోనును పిట్యూటరీ గ్రంథినుండి శుద్ధిచేసి, అందు ఎనిమిది అమినో ఆమ్లములున్నవనియు, సిస్టీను గంధకపు కొక్కెముగా నుండి వానిని ఉంగరముగా బిగించుచున్నదనియు కనుగొనిరి. 1953లో దానిని ప్రయోగశాలలో నిర్మించిరి. కట్టడపు చివరి మెట్టున వాడినది ఆ పాత ఉపాయమే, ద్రవ అమోనియాలో సోడియము! పాలీపెప్టైడు జాతి హార్మోనును మానవుడు నిర్మించుట అదియే మొదలు. ప్రసవానంతరము రక్తస్రావమును అరికట్టుటకు నేడు ఆస్పత్రులలో వాడు ఆక్సిటోసిన్ ఇట్లు కృత్రిమముగా చేసినదే. నోబెల్ సంఘమువారు 1955లో గంధక సమ్మేళనములపై ఆయన చేసిన కృషిని, అందు విశేషముగా ఈ నిర్మాణమును పేర్కొనిరి. అంతకు మూడేండ్ల ముందు, 1952లో, తన పరిశోధనలను గూర్చి ప్రచురించిన గ్రంథమునకు ఆయన పెట్టుకొనిన పేరులో 'బాట' అను మాట ఉన్నది.

కాని సీసాలో పుట్టిన ఆ బిడ్డ కథ బహుమానముతో ముగియలేదు. 1962లో ఉత్తర ఐర్లండున బుద్ధిమాంద్యముగల పిల్లల మూత్రమును పరీక్షించుచున్న కార్సన్, నీల్ అను వైద్యులకు ఇద్దరు అక్కచెల్లెండ్ర మూత్రములో హోమోసిస్టీను కనబడినది. ఇంచుమించు అదే కాలమున అమెరికాలోని విస్కాన్సినులోను ఒక బృందము అట్టిదానినే గుర్తించెను. ఇట్టి రోగులలో కనుకటకము స్థానము తప్పుట, కాలుసేతులు సన్నగా పొడవుగా పెరుగుట, చిన్నతనముననే రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టుట కనబడును. రెండేండ్లకు, 1964లో, మడ్ మున్నగువారు కారణమును కనుగొనిరి. హోమోసిస్టెయినును సెరీనుతో జతపరచి సిస్టాథయొనీనుగా చేయు ఎంజైము ఈ రోగులలో పుట్టుకనుండియే లోపించినది. దత్తత జరుపువారు లేక గంధకము పుట్టినింటనే పేరుకొనిపోవుచున్నది. బాట గీయబడియుండుట వలననే ఎక్కడ తెగినదో రెండేండ్లలో తెలిసినది.

1969లో మెకల్లీ అను వ్యాధిశాస్త్రజ్ఞుడు ఇట్టి పిల్లల ధమనులను పరిశీలించి, హోమోసిస్టెయిన్ హెచ్చుట పెద్దలలోను రక్తనాళములు గట్టిపడుటకు కారణము కావచ్చునని వ్రాసెను. చాలకాలము ఆ మాట ఎవరును చెవినిడలేదు. తరువాత అందరును ఒక్కమారుగా నమ్మిరి. ఫోలిక్ ఆమ్లము, బి-6, బి-12 ఇచ్చి వేలమంది రోగులపై జరిపిన పెద్ద పరీక్షల ఫలితములు 2006లో వెలువడినవి. హోమోసిస్టెయిన్ తగ్గినది గాని గుండెపోట్లు ఆశించినట్లు తగ్గలేదు. కనుక సామాన్యులకు గుండెజబ్బు రాకుండ ఈ మాత్రలు కాపాడునని చెప్పుటకు ఆధారము లేదు. ఐనను కేవల శాకాహారులలో బి-12 కొరత వలన హోమోసిస్టెయిన్ హెచ్చుట మన దేశమున పలు పరిశీలనలలో కనబడినది. పాలు పెరుగులైనను లేనివారు వైద్యుని సలహాతో ఆ కొరతను తీర్చుకొనుట అవసరము.

డు వీన్యో 1978లో మరణించిరి. ఆయన సీసాలో కాచిన పదార్థము పసిబిడ్డల రక్తములో రోగచిహ్నముగా నిలుచుటను ఆయన జీవించియుండగనే లోకము చూచినది. నేడు కొన్ని దేశములలో పుట్టిన కొలదిదినములకే బిడ్డ మడమనుండి నెత్తుటిబొట్టు తీసి, మెథయొనీను హెచ్చుగా నున్నదేమో చూచి, ఈ రోగమును పట్టుకొనుచున్నారు. రోగులలో సుమారు సగముమందికి బి-6 విటమిను హెచ్చుమోతాదులో ఇచ్చిన గుణమిచ్చును. అది ఆ ఎంజైమునకు తోడు. మిగిలినవారికి మెథయొనీను మితముగా గల ప్రత్యేకాహారము పెట్టుదురు. ఆ ఆహారములో సిస్టీనును విడిగా కలుపుదురు. ఆరోగ్యవంతునికి అన్నములో లేకున్నను జరుగునని రోజ్ ఆచార్యుడు తేల్చిన ఆ సిస్టీనే, దారి తెగిన ఈ బిడ్డలకు మాత్రము ప్రతిదినము కొలిచి పెట్టవలసి యున్నది.